తెగని తీగ

మకరదుర్గం వెనుక ఎద్దుబండి కూడా ఎక్కలేని కొండలు, ముందు నది. ధాన్యం పడవల మీదే రావాలి. నదిలో ఏడు బండలు, వాటి చుట్టూ సుడిగుండాలు. ఏ బండ తరువాత ఏ బండను చుట్టాలో ఎరిగినవాడు పడవలు నడిపే సరంగు గురన్న ఒక్కడే. పడవెక్కేవాళ్లలో నెలకొక మనిషిని ఆహారంగా ఇమ్మని కొండల్లోని మంచురక్కసి అడిగితే అతను ఇవ్వనన్నాడు. రక్కసి అతన్ని పొగమంచులో ముంచి వదిలింది. ఆనాటి నుంచి గురన్న బండల పేర్లు చెప్పగలడు గానీ వరస చెప్పలేడు. అతన్ని నమ్మిన మూడు పడవలు మునిగాయి. ఊళ్లో పసివాళ్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

రక్కసి దాచిన విద్యను తెస్తానని గురన్న కూతురు నూకాలు కొండలెక్కింది. పన్నెండేళ్ల పిల్ల! పాముల లోయను చెట్ల కొమ్మలు పట్టుకుని దాటింది. నిప్పులు కక్కే రాతిపులిని వాగులోకి ఉరికించి చల్లార్చింది. కాళ్లు నెత్తురోడుతుండగా రక్కసి గుహ చేరింది. తీరా చూస్తే గుహలో రక్కసి తప్ప ఇంకేమీ లేదు.

"మా అయ్య విద్య ఏ పెట్టెలో దాచినావు?" అని అరిచింది.

రక్కసి పగలబడి నవ్వింది. "ఒలే గుంటా! పెట్టె లేదు, చిలకా లేదు. విద్యంటే మూటగట్టి ఎత్తుకుపోయే సరుకా? నీ అయ్య తలకాయలోనే ఉంది. పోయి చూసి ఏడువు!" అని మంచు ఊదింది.

నూకాలు చీకటి అడవిలో పడింది. అది తండ్రి తలలోని అడవి. ఆయన ఎరిగిన ప్రతి సంగతీ అక్కడొక చెట్టు. చెట్టుకూ చెట్టుకూ మధ్య తీగలు. ఆయన తలుచుకున్నప్పుడల్లా తీగలో మెరుపు పరుగెత్తి, అది కాస్త లావెక్కుతుంది. బండల చెట్లు ఏడూ నిలిచే ఉన్నాయి. వాటి నడుమ తీగలను రక్కసి కొరికేసింది. నూకాలు రెండు కొనలు తెచ్చి ముడి వేసింది. మెరుపు నడవక ముడి ఎండి రాలిపోయింది. పాపం, కూలబడి ఏడ్చింది.

అప్పుడు కనిపించింది, రక్కసి పంటికి లొంగని తీగ, నడుమంత లావున. చచ్చిపోయిన అమ్మ జ్ఞాపకం అది. అయ్య రోజూ తలుచుకునేది. అది ఏడు చెట్లనూ చుట్టుకుంటూ పోయింది!

మంచు విడగానే నూకాలు గుహ బయట తేలింది. ఇంటికి పరుగెత్తి, తండ్రిని కొండదారిన, బండలకు ఆవల ధాన్యపు పడవలు ఆగిన రేవుకు తీసుకుపోయింది.

"అయ్యా, అమ్మను పెళ్లాడి తెచ్చినప్పుడు ఈ ఏట్లో ఎలగొచ్చినారు?"

గురన్న పడవ తోసే గెడ పట్టాడు. "ఏనుగుబండ కాడ భయపడి నా చెయ్యి పట్టుకుంది. కాకిబండ కాడ గాజు పగిలింది..." చెబుతూ, ఏడుస్తూ, పడవ తిప్పుతూ పోయాడు. వినలేక నూకాలు చెవులు మూసుకోబోయింది. మూసుకుంటే ఆయన ఆపేస్తాడేమోనని విన్నది. వెనుక పడవలన్నీ ఆ జాడనే వచ్చాయి.

ఆ సాయంత్రం ఊరంతా పొయ్యిలు వెలిగాయి. రాజు గురన్నకు రేవు మీద అధికారమిచ్చాడు. మరునాటి నుంచి తండ్రీకూతుళ్లు వంద సార్లు ఆ దారిన తిరిగితే గానీ కొత్త తీగలు గట్టిపడలేదు.

ఆ మొదటినాడు మాత్రం, పడవ ఒడ్డు తాకగానే గురన్న పెళ్లికూతురిని దింపడానికి చెయ్యి చాచాడు. అక్కడ ఎవరూ లేరు. నూకాలు లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని దిగింది.