వెనకనించి ఆమెన్

హౌరా పక్కనున్న లిలువా రైల్వే క్వార్టర్స్‌లో ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా యెషయా ఉండాల్సిందే. ఆ యెషయాని నేనే. మా బాప్టిస్టు సంఘంలో పుస్తకం చూడకుండా అరగంట ప్రార్థన చెయ్యగలిగేది నేనొక్కణ్ణే. నేను ఒక్కో మాటా అంటుంటే వెనకనించి జనం "ఆమెన్" అంటారు. అది వినపడేకొద్దీ నాకు హుషారు. గర్వమే, కాదనను.

అలాంటివాణ్ణి కథోలికుల మరియమ్మ గుడికి చెప్పుల్లేకుండా నడిచాను. నా కూతురు తబితాకి ఆరేళ్ళు. మెదడువాపు జ్వరమొచ్చి హౌరాలో ఆసుపత్రి మంచం మీద తెలివి లేకుండా పడుంది. డాక్టరు పెదవి విరిచాడు. నాకొచ్చిన ప్రార్థనలన్నీ అయిపోయాయి.

"బాండేల్ గుడి దాకా నడిసి అమ్మకి మొక్కుకో తమ్ముడూ. తోడు నానొస్తాను," అన్నాడు పక్క క్వార్టర్ మరియదాసు. ఆయన ఏటా నడిచేవాడే. నా భార్య జెరూషాని పిల్ల దగ్గరుంచి బయల్దేరాను.

జనవరి నెల, ఇంకా తెల్లవారలేదు. జి.టి. రోడ్డంతా మంచు. గోడల మీద గీసిన కొడవలి సుత్తి బొమ్మలు చెమ్మకి కారుతున్నాయి. మురిక్కాలవ కంపు, బొగ్గుపొయ్యిల పొగ. ఎక్కడో జూట్ మిల్లు కూత వేసి ఆగింది. మరియదాసు జపమాల తిప్పుకుంటూ నా వెనక నడుస్తున్నాడు.

"గట్టిగా అనకు. మనసులో సెప్పుకో," అన్నాడు గుసగుసగా.

మనసులో చెప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. అయినా కాసేపు ఓర్చుకున్నాను.

ఉత్తర్‌పాడా దాటాక మంచు మరీ చిక్కబడింది. చాపిన చెయ్యి కనపడలేదు. భయమేసి పైకే మొదలుపెట్టాను.

"తండ్రీ, నా బిడ్డను లేపుము."

"ఆమెన్," అంది వెనకనించి గొంతు, మెల్లగా.

మరియదాసు మా దారికొచ్చాడని లోపల నవ్వుకున్నాను. ఇంకో మాట అన్నాను. ఆమెన్. మరో మాట. ఆమెన్. అరికాళ్ళు చీరుకుపోతున్నా నొప్పి తెలియలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, నేను అనేది ఎవరో నిజంగా వింటున్నారనిపించింది. దీనికేనేమో జనం ఇంత దూరం నడిచేది అనుకుని ఏడ్చాను. ఆ ఊపులో నోరు జారింది.

"నా బిడ్డను నాకిమ్ము. ప్రతిగా నా యింటనుండి నీ కిష్టమైనది తీసికొనుము!"

"ఆమెన్."

ఈసారి చెవి పక్కనే. ఊపిరి తగిలింది... చల్లగా. ఆర్పేసిన కొవ్వొత్తి వాసన.

తిరిగి చూశాను. మంచు... ఎవరూ లేరు.

చాలాసేపటికి సైకిల్ రిక్షా గంట వినపడింది. మరియదాసు దాంట్లోంచి దిగాడు, కోపంగా.

"ఏటి మనిషివి! బాలీ కాడ టీకి ఆగుదామంటే ఇనకుండా ఎలిపోనావు. అక్కడ్నించి తరుముకొస్తన్నాను."

బాలీ ఉత్తర్‌పాడాకి ముందే వస్తుంది. అంటే...

బాండేల్ చేరి మరియమ్మ ముందు మోకరించి, ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకోవాలని చూశాను. అరగంట ప్రార్థన చేసే నోరు పెగల్లేదు.

రైలెక్కి సాయంత్రానికి ఆసుపత్రికి వస్తే తబితా లేచి కూర్చుని మరమరాలు తింటోంది. జెరూషా నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ ఇద్దరి ఏడుపూ ఒకటి కాదు.

పిల్లని ఇంటికి తెచ్చిన వారానికి, దీపాలు పెట్టే వేళ కరెంటు పోయింది. ఆసుపత్రిలో నిద్రకి మొహం వాచిన జెరూషా మధ్యాహ్నమనగా గోడవైపు తిరిగి పడుకున్నది ఇంకా లేవలేదు. అగ్గిపెట్టె వెతుకుతున్నాను.

"ఆమెన్," అంది తబితా, చీకట్లో.

పిల్లవైపు తిరిగాను. "ఎవరు... ఎవరు ప్రార్థన చేస్తన్నారు తల్లీ?"

"అదుగో, ఆ మూల ఉన్నాయన. నువ్వు సేసినట్టే సేస్తన్నాడు నాన్నా."

"ఏటి... ఏటడిగినాడు?"

"అమ్మని ఇమ్మన్నాడు. నాను ఆమెన్ అన్నాను."

అగ్గిపెట్టె చేతికి తగలగానే పుల్ల గీశాను. మూల ఖాళీ. జెరూషా పడుకునే ఉంది, ఊపిరి ఆడుతోంది. దుప్పటి కిందనించి పాదాలు బయటికొచ్చాయి. ఆసుపత్రి నించి వచ్చాక మనిషి గడప దాటలేదు... ఆ అరికాళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. వాటికంటిన మట్టి ఇంకా తడిగానే ఉంది.