ఉమ్ టెస్ట్ రాసిన ఉత్తరాలు

రుబా పెట్టిన కాఫీ ఆ రోజు కూడా చల్లారిపోయింది.

ముహన్నద్ ఫోను మోగింది, తెర మీద "లమీస్" అన్న పేరు వెలిగింది. అంతే, కుర్చీ వెనక్కి తోసి బాల్కనీలోకి పరుగెత్తి గాజు తలుపు మూసేసుకున్నాడు. మిగతా క్లయింట్లందరితో బల్ల దగ్గరే మాట్లాడతాడు. డ్రైవింగ్ స్కూలు ముసలాయనతో అయితే స్పీకరు పెట్టి మరీ మాట్లాడతాడు. ఈ లమీస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అయ్యగారికి బాల్కనీ కావాలి.

అమ్మాన్‌లో లువైబ్దే కొండ మీద, పప్పులు వేయించి అమ్మే దుకాణం పైన, మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. రెండు బల్లలు, ఇద్దరు మనుషులు. ముహన్నద్ వెబ్‌సైట్లకి బొమ్మలూ రంగులూ చూస్తాడు, క్లయింట్లతో మాట్లాడతాడు. రుబా కోడ్ రాసి ఆ బొమ్మలని కదిలిస్తుంది. ఆరేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని నలభై మూడు సైట్లు కట్టారు. ఈ ఆరేళ్ళలో రుబా అతనికి చెప్పని మాట ఒక్కటే ఉంది. అదేమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు, కింద పిస్తాలు వేయించేవాడికి కూడా తెలుసు. తెలియనిది ముహన్నద్‌కే.

నలభై నాలుగోది లమీస్ వాళ్ళది. సల్త్ ఊళ్ళో తల్లీకూతుళ్ళు మక్దూస్ పెట్టి అమ్ముతారు. చిట్టి వంకాయల్లో అక్రోట్లూ మిరపా వెల్లుల్లీ కూరి ఆలివ్ నూనెలో ఊరేస్తారన్నమాట. ఆగస్టులో ఆమె తమ్ముడు జాడీల పెట్టె మోసుకొచ్చి, నమూనాలు చూపించి, మంచినీళ్ళ గ్లాసు ఒలకబోసి వెళ్ళాడు. మూడు వారాల పని. ఇప్పుడు నవంబరు నడుస్తోంది.

లమీస్‌ని రుబా ఫొటోలో తప్ప చూడలేదు. "మా గురించి" పేజీలో వంకాయ తొడిమలు కోస్తూ నవ్వుతోంది. బుగ్గన సొట్ట, చేతులనిండా నూనె. వేలికి ఉంగరం లేదు. ఆ ఫొటోని రుబా రెండింతలు పెద్దది చేసి మరీ వెతికింది. ఉంగరం లేదు గాక లేదు.

ముహన్నద్ లోపలికి వచ్చాడు.

"ఏమంటుంది?" అంది రుబా తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఆర్డర్ బటన్ ఆకుపచ్చగా ఉంటే బావుంటుందట."

"మొన్నటిదాకా ఆకుపచ్చే కదా. ఆమే కదా నీలం చెయ్యమంది."

"ఆ ఆకుపచ్చ కాదట. ఆలివ్ ఆకుపచ్చ."

"ఇరవై రెండు నిమిషాలూ ఆకుపచ్చ గురించేనా?"

"టైము చూశావా?"

"గడియారం గోడకుంది, గోడ నా ఎదురుగా ఉంది. నేనేం చెయ్యను?"

ముహన్నద్ నవ్వబోయి మానుకున్నాడు. "క్లయింటంటే ఇంటికొచ్చిన అతిథి అని నువ్వే అంటావుగా."

"అతిథికి మర్యాద మూడు రోజులు. ఇది నాలుగో నెల."

అతను కప్పు తీసుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "చల్లారిపోయింది."

"మరి కాఫీకి నా అంత ఓపిక ఉండదు" అంది రుబా.

సైటులో ఏ చిన్న మార్పు చేసినా, "మాకు రాయండి" అనే ఫారం పనిచేస్తోందో లేదో మళ్ళీ చూసుకోవాలి. అందుకు ఏదో ఒక పేరూ ఏదో ఒక మాటా కొట్టి పంపడం రుబా పని. ఆమె వాడే పేరు "ఉమ్ టెస్ట్", అంటే టెస్ట్‌గాడి తల్లి. వాళ్ళ వీధిలో పెద్దకొడుకు పేరు పెట్టి తల్లిని ఉమ్ ఫలానా అనీ, తండ్రిని అబూ ఫలానా అనీ పిలవడం మర్యాద. పెళ్ళి కాని రుబాకి కొడుకంటూ ఉంటే ఈ టెస్ట్‌గాడే.

ఇదివరకు "ఒకటి, రెండు, మూడు" అని కొట్టి పంపేది. ఇప్పుడు అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అంతా ఆ ఫారం మీద పడింది.

"మీ వంకాయలు బాగున్నాయి. మీరు ఫోన్లో నవ్వడం తగ్గిస్తే ఇంకా బాగుంటాయి. ఇట్లు, ఉమ్ టెస్ట్."

"బటన్ ఆలివ్ ఆకుపచ్చ చేశాను. ఇంకా ఎవర్ని ఏ రంగులోకి మార్చాలో అది కూడా చెప్పండి. ఇట్లు, ఉమ్ టెస్ట్."

"ఇవాళ ఇరవై రెండు నిమిషాలు. నేను లెక్కపెట్టలేదు. ఇట్లు, ఉమ్ టెస్ట్."

పంపేశాక కడుపులో మంట కాస్త తగ్గేది. అవి ఆఫీసు మెయిలుకే పోతాయి, ఎవరు చదువుతారు గనక అనుకునేది. ఈర్ష్య తలకెక్కితే మతిమరుపు కూడా వెంటే ఎక్కుతుంది. "ఆర్డర్లు ఎలా వస్తాయో చూసుకుంటుందట, ఫారాన్ని ఆమె ఫోనుకి కలుపు" అని ముహన్నద్ అక్టోబరు చివర్లోనే చెప్పాడు. పళ్ళు కొరుకుతూ కలిపింది రుబానే. ఆ సంగతి ఆ పళ్ళ మధ్యే నలిగిపోయింది.

బుధవారం మొదటి వాన పడింది. ఫొటోలు తియ్యాలని సల్త్ వెళ్ళిన ముహన్నద్ తడిసి ముద్దయి వచ్చాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతుంటే కోటు లోపల్నించి ఒక జాడీ తీసి రుబా బల్ల మీద పెట్టాడు. తను తడిశాడు గాని జాడీ తడవలేదు. అది రుబా గమనించకపోలేదు.

"లమీస్ పంపింది. నీకే."

"నాకెందుకు?"

"ఊరికే. నువ్వు కారం తింటావా అని వాళ్ళమ్మ అడిగింది."

"నేను కారం తింటే ఆవిడకేంటి, తినకపోతే ఆవిడకేంటి?"

ముహన్నద్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తువ్వాలు కోసం వెతకసాగాడు. పుండు మీద కారం చల్లడం అంటారే, ఇక్కడ ఏకంగా జాడీతో తెచ్చి పెట్టారు. రుబా ఆ జాడీని కిటికీ దగ్గరికి తోసేసింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్తావా?" అంది. "ఆ లమీస్ నీకు నచ్చిందా?"

అతను తువ్వాల్లోంచి తలెత్తి ఆమెను వింతగా చూశాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు తగ్గాక మాత్రం మొహంలో నవ్వు లేదు.

"లేనిపోనివి ఆలోచించకు. ఆ సైటు ఇప్పట్లో అవ్వదులే" అన్నాడు.

అవునని గానీ కాదని గానీ అనలేదు. రుబాకి అంతకంటే ఏం కావాలి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

గురువారం మధ్యాహ్నం ముహన్నద్ ఫలాఫెల్ వడలు తేవడానికి కిందికి దిగాడు. రుబా సైటు మొత్తం ఒకసారి చూసుకుంది. ఎక్కడా లోటు లేదు. అసలు సెప్టెంబరులోనే లోటు లేదు. ఇది జనంలోకి వెళ్ళిపోతే ఇక మార్పులుండవు, ఫోన్లుండవు, బాల్కనీ ఉండదు. ఫారంలో చివరిసారిగా ఏదో రాసింది. రాస్తున్నంతసేపూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పంపేసి, సైటుని జనంలోకి వదిలేసింది.

ముహన్నద్ పొట్లంతో వచ్చి తెర చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"పని అయిపోయింది, పెట్టాను. నలభై మూడు పెట్టినప్పుడు ఎవర్ని అడిగాను?"

"ఇది వేరు రుబా."

"నేనూ అదే అంటున్నాను, వేరని."

"నువ్వేం చేశావో నీకు తెలీదు" అని అతను కుర్చీలో కూలబడ్డాడు.

ఇంత బాధ ఎవరికోసమో తెలుస్తూనే ఉందనుకుంది రుబా. సంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని తల్లి అడిగితే టాక్సీలో ఎవరో సిగరెట్టు కాల్చారని చెప్పింది. శుక్ర, శనివారాల సెలవులు రెండు రోజులూ ఫోను ఆపేసి కూర్చుంది. ఆదివారం పొద్దున వెళ్ళి, ఇక కలిసి పనిచెయ్యలేనని చెప్పేయాలని నిశ్చయించుకుంది.

ఆదివారం ఆ మాట చెప్పడానికి నోరు తెరిచిందో లేదో, మెట్ల మీద ఎవరో రొప్పుతున్న చప్పుడు వినిపించింది. గుమ్మంలో ఒకావిడ నిలబడింది. బుగ్గన సొట్ట. వేలికి ఉంగరం. ఏడో నెల కడుపు.

"మూడంతస్తులా?" అంది లమీస్ కుర్చీలో కూర్చుంటూ. "ఇందుకే ఆగస్టులో తమ్ముణ్ణి పంపాను."

రుబా ఉంగరాన్ని చూసింది, కడుపుని చూసింది, ముహన్నద్ వైపు తిరిగింది. "పెళ్ళయిందని చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా" అన్నాడతను.

"వంకాయలు కూరేటప్పుడు ఉంగరం తీసేస్తాను తల్లీ, నూనెలో జారిపోతుంది" అని లమీస్ ఫోను బయటికి తీసింది. "మా సైటు రాకముందే మాకొక కస్టమర్ దొరికింది. ఆవిడ పేరు ఉమ్ టెస్ట్."

ఫారం ఎవరి ఫోనుకి కలిపిందో రుబాకి అప్పుడు గుర్తొచ్చింది.

లమీస్ ఒక్కొక్కటే చదివింది. వంకాయలూ నవ్వూ, ఆలివ్ ఆకుపచ్చ, ఇరవై రెండు నిమిషాలు. "ఇవి చూసి మా అమ్మ ఎవరిదో దిష్టి తగిలిందని ఇల్లంతా సాంబ్రాణి వేసింది. నేనూ ఎవరో పిచ్చిదనుకున్నాను, గురువారం ఇది వచ్చేదాకా." ఫోను ముహన్నద్‌కి అందించింది. "ఇది నేను చదివేది కాదు. నీకు రాసింది."

ముహన్నద్ మెల్లగా చదివాడు.

"ఆరేళ్ళుగా నీ ఎదురుగా కూర్చున్నాను. నీ కాఫీలో చక్కెర ఎంతో నాకు తెలుసు, నీ మనసులో ఎవరున్నారో తెలీదు. ఈ సైటు ఇవాళ పెట్టేస్తున్నాను. ఆమె నీకు కావాలంటే వెళ్ళు. కాఫీ మాత్రం వేడిగా తాగు. ఇట్లు, ఉమ్ టెస్ట్."

రుబా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఇక నా సంగతి వినండి" అంది లమీస్. "నేను ఒక్క మార్పు కూడా అడగలేదు. సెప్టెంబరులో చూపించిందే బ్రహ్మాండంగా ఉందన్నాను. రుబా ఒప్పుకోవట్లేదు, ఇంకా చెక్కుతోంది అని ఈయనే చెప్తూ వచ్చాడు."

రుబా చేతులు దించింది. "మరి ఆలివ్ ఆకుపచ్చ?"

"మాకు మొదటి ఆకుపచ్చే నచ్చింది. నేను ఫోను చేసింది నీ గురించి. మా తమ్ముడు హైతమ్ లేడూ, మందుల షాపు పెట్టుకున్నాడు, ఆ రోజు నిన్ను చూసి నీళ్ళు ఒలకబోసుకున్నాడు. ఆ అమ్మాయికి ఎక్కడైనా మాటైందా కనుక్కోమని నా ప్రాణం తీస్తున్నాడు. ఈయన్ని అడిగితే, పని మధ్యలో పెళ్ళిమాటలు వద్దక్కా, సైటు అయ్యాక రండి అన్నాడు. ఆ సైటేమో అయి చావదు."

రుబా ముహన్నద్‌ని చూసింది. అతను నేలని చూస్తున్నాడు.

"అయిపోతే ఆ మర్నాడే వాళ్ళమ్మ మీ ఇంటికి వస్తానంది" అన్నాడు. "అందుకే అవ్వనివ్వలేదు."

"ఆ వచ్చేదేదో నువ్వే రావచ్చుగా."

"నువ్వు వద్దంటే? ఉన్నది ఒక్క గది. మర్నాటి నుంచీ నీ ఎదురుగా ఏ మొహం పెట్టుకుని కూర్చునేవాణ్ణి?"

"నాలుగు నెలలు నన్ను ఏడిపించావు."

"నాలుగు నెలలుగా నాకూ నిద్ర లేదు. కాఫీ వల్ల అనుకుందామంటే అది కూడా తాగలేదాయె."

రుబాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముందు ఏడ్చింది. కిటికీ దగ్గరి జాడీ తెచ్చి, మూత తీసి, ఒక మక్దూస్ రొట్టెలో చుట్టి అతని చేతిలో పెట్టింది. అంతకన్నా స్పష్టమైన జవాబు ఆమెకి తోచలేదు.

"హైతమ్‌కి నేను చెప్పుకుంటాను" అని లమీస్ నడుం పట్టుకుని లేచింది. "వాడికి కాస్త కష్టమే. మందుల షాపుందిగా, ఏదో ఒకటి వేసుకుంటాడు."

డిసెంబరు మధ్యలో ముహన్నద్ తరఫు పెద్దలు పాతికమంది రుబా ఇంటికి వచ్చారు. మగవాళ్ళు హాల్లో, ఆడవాళ్ళు లోపలి గదిలో కూర్చున్నారు. ఏనుగంత కడుపుతో లమీస్ కూడా వచ్చింది. రుబా కాచిన కాఫీ అందరికీ అందింది. ముహన్నద్ పెదనాన్న తన కప్పు తాగకుండా కింద పెట్టాడు. అడగవచ్చింది ఇస్తేనే తాగుతామని దాని అర్థం. పాతిక కప్పులూ కింద పెట్టారు.

రుబా తండ్రి అబూ జైదూన్ రోడ్లు కొలిచే సర్వేయరుగా చేసి రిటైరైనవాడు. దేన్నీ రెండుసార్లు కొలవనిదే నమ్మడు.

"నాయనా, ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకి పూర్తిచేస్తావా?" అని అడిగాడు.

"ఒక్కసారి తప్ప ఎప్పుడూ చేశాను మావయ్యా."

"ఆ ఒక్కసారి ఏమైంది?"

ముహన్నద్ పెద్దలందరి ముందూ చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డాడు. అయినా నిజమే చెప్పాడు. "ఆ పని అయిపోతే మీ అమ్మాయిని ఇంకెవరో అడుగుతారని భయమేసింది."

లోపలి గదిలో లమీస్ పగలబడి నవ్వింది. ఆ నవ్వు రుబా చెవికి మొదటిసారి ఇంపుగా వినిపించింది. అబూ జైదూన్ మాత్రం నవ్వలేదు. కుర్రాణ్ణి పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఇంకోసారి చూశాడు. బయట వాన పెద్దదైంది. తెర వెనక రుబా, కప్పుల మీద ఆవిరి తగ్గిపోవడం చూస్తూ నిలబడింది. అన్ని నెలల్లో ఎన్ని కాఫీలు చల్లారినా ఇంత భయం వెయ్యలేదు.

"కాఫీ తాగండి" అన్నాడు అబూ జైదూన్ చివరికి.

ఆడవాళ్ళ గదిలో ఈలలూ, నాలుక ఆడిస్తూ సంతోషంతో పెట్టే జగరూత కేకలూ మిన్నంటాయి. ఆ గోలలో లమీస్ ఫోను కుయ్యిమంది. ఆమె చూసి, ఫోనుని రుబా చేతిలో పెట్టింది. సైటు ఫారంలోంచి ఎవరో రాశారు.

పంపినవారు: అబూ టెస్ట్.

"చల్లారిపోయింది. అయినా చుక్క మిగల్చలేదు."