దావాలో మాలతి పేరు

మాలతి అటుకులు కడిగి జల్లెడలో వేస్తుండగా సదానందం వంటింట్లోకి వచ్చాడు. ఒక చేతిలో ఆకుపచ్చ ఫైలు, ఇంకో చేతిలో పెన్ను ఉన్నాయి. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్న ఏడింటికే ఎక్కడికో బయలుదేరినట్టున్నాడు.

"ఈడొకటి, ఈడొకటి, ఆఖరి పేజీల ఒకటి. పెట్టు జర, పదకొండుకు వకీలు దగ్గరికి పోవాలె," అన్నాడు.

మాలతి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. పద్నాలుగేళ్లుగా ఆమె ఇలాగే సంతకాలు పెడుతోంది. బట్ట నేసే కార్ఖానా మొదలుపెట్టినప్పుడు సదానందం బట్టకు రంగులేసే ఒక ప్రాసెస్ హౌస్‌లో ఉద్యోగి. ఉద్యోగంలో ఉన్నవాడి పేరు మీద వ్యాపారం వద్దని, భాగస్వాములుగా మాలతి పేరు, ఆమె తమ్ముడు రాజలింగం పేరు రాయించారు. రెండేళ్లకు సదానందం ఉద్యోగం మానేసి కార్ఖానాలో కూర్చున్నాడు గానీ కాగితం మీద పేర్లు మారలేదు. బ్యాంకువి, కరెంటువి, పన్నులవి ఏ కాగితాలొచ్చినా ఆయన వేలు పెట్టి చూపించేవాడు, ఆమె సంతకం పెట్టేది.

ఈసారి ఆమె కళ్లు పైనున్న వరుస మీద పడ్డాయి. కాగితం మరాఠీలో ఉంది. ఏడో తరగతి దాకా భీవండిలోని ఈ పద్మనగర్ మున్సిపల్ స్కూల్లోనే మరాఠీ చదివిన మనిషి. వాది, మాలతి. ప్రతివాది, రాజలింగం.

"ఇది నా తమ్ముని మీద కేసు," అంది.

"నీ తమ్ముని మీద కాదు, పార్ట్‌నర్ మీద. నడిపేటిది నేను. నువ్వు ఊరికె సంతకం పెట్టు."

మాలతి పెన్ను అందుకోలేదు.

గొడవ మొదలై నాలుగు నెలలైంది. వాళ్లు నేసి పంపిన బట్ట రంగు వేశాక అడ్డంగా చారలు తేలి, బట్ట కొనే సేఠ్ లాటంతా వాపసు పంపాడు. వేర్వేరు నూలు కలిసిపోతే అలా అవుతుంది. నూలు కొనేది సదానందం, బట్ట అమ్మేది రాజలింగం. సేఠ్ ఆర్డర్లు ఆపేసిన వారానికి, పద్మశాలీ సమాజం హాల్లో నెలవారీ మీటింగులో, వంద మంది వింటుండగా రాజలింగం లేచి, తన బావ చవక రకం సస్తా నూలు కలిపి మిగిలిన పైసలు వేసుకున్నాడని అన్నాడు. మర్నాడు కార్ఖానా తలుపుకు సదానందం వేసిన తాళం పక్కన రాజలింగం తాళం కూడా వేలాడింది. ఇరవై నాలుగు మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచెలు, ఆగిపోయాయి. పనివాళ్లు కొన్నాళ్లు చూసి, శాంతి నగర్ కార్ఖానాలకు వెళ్లిపోయారు.

కూతురు ఆర్తి తల దువ్వుకుంటూ బయటికి వచ్చింది. ఠాణేలో ఒక వకీలు దగ్గర జూనియర్‌గా చేరి ఏడాది దాటింది. తల్లి చేతిలో కాగితం చూసి, తీసుకుని, నిలబడే చదివింది.

"బాపూ, పార్ట్‌నర్‌షిప్ డీడ్ వకీలుకు చూపెట్టినవా?"

"చూపెట్టిన."

"పద్దెనిమిదో కలం, గా షరతు?"

సదానందం ఫైలు మూశాడు.

"పార్ట్‌నర్ల నడుమ ఝగడా వస్తే ఆర్బిట్రేటర్ దగ్గరికే పోవాలె అని మీరే రాసుకున్నరు. ఇద్దరు ఒప్పుకున్న మనిషి కూసుండి విని తీర్పు ఇస్తడు. నువ్వు కోర్టుకు పోతే మామ వకీలు జవాబు రాసేకంటె ముందే ఈ కలం చూపెడ్తడు. కోర్టు మళ్ల మనల్ని అక్కడికే పంపుతది."

"వాడు చూపెట్టకపోతే?"

"గప్పుడు కోర్టులనే నడుస్తది. ఎన్నేండ్లు నడుస్తదో నేను చెప్పలేను. అందాక రెండు తాళాలు గట్లనే ఉంటయ్."

సదానందం ఫైలు గట్టు మీద పెట్టాడు. "పంచాయితీలు నాకు చెప్పకు బిడ్డా. సిరిసిల్లల మా నాయినను కులపోళ్లు నడుమ కూసోబెట్టి ఇంటి జాగ చిన్నాయినకు రాయించిన్రు. ఒక్కడన్న కాయితం చూసిండా? ఎవడు గట్టిగ మాట్లాడితె వాడు గెలిచిండు."

"ఇది పంచాయితీ కాదు బాపూ. సాక్ష్యం రాసుకుంటరు. తీర్పుకు కారణం రాస్తరు. కోర్టు డిక్రీ లెక్కనే నడుస్తది. ఖర్చు లేదని నేను అంటలేను, ఆ సార్ ఫీజు రెండు దిక్కులోళ్లు కట్టాలె. తీర్పు నచ్చకపోయినా పై కోర్టుకు పోవుడు అంత అలకగ కాదు. అన్ని చెప్తున్న. అయినా మనకు అదే మంచిగుంటది. నూలు తెలిసిన మనిషిని పెట్టుకోవచ్చు. ఏడాది లోపల అయిపోవచ్చు."

"తలుపులేసుకుని వింటరా?"

"ఆ. బయటోళ్లు ఉండరు."

"గందుకే వద్దంటున్న," అన్నాడు సదానందం. "నా ఇజ్జత్ వంద మంది నడుమ పోయింది. ఎక్కడో రూముల నలుగురు కూసుండి నేను దొంగను కానంటె ఎవలకు ఎరుక? తలుపులు తెరిచున్న కాడ జడ్జి చెప్పాలె. పద్మనగర్ మొత్తం వినాలె."

తండ్రి అడుగుతున్నది తప్పు కాదని ఆర్తికి తెలుసు.

అటుకులు జల్లెడలో ఉబ్బిపోయాయి. మాలతి వాటి వైపు చూస్తూ అంది. "కోర్టని ఒకలు, ఇంకోటని ఒకలు. పేరు నాది. నన్ను అడిగేదేమన్న ఉన్నదా?"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"సంతకం నేను పెట్ట," అంది మాలతి.

సదానందం ముఖం నల్లబడింది. "అంటే నువ్వు గూడ నన్ను దొంగనే అనుకుంటున్నవా?"

"అనుకుంటే పద్నాలుగేండ్ల సంది చదవకుంట సంతకాలు పెట్టుదునా?"

ఆయన ఫైలు అక్కడే వదిలి, తినకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజూ, ఆ మర్నాడూ ఇంట్లో మాటలు ఆర్తి ద్వారానే నడిచాయి. అన్నం పెట్టమన్నాడని ఆమె చెప్పేది, పెట్టానని తల్లి చెప్పేది.

మూడో రోజు మధ్యాహ్నం మాలతి చెప్పులు వేసుకుని, రెండు సందులు దాటి తమ్ముడి ఇంటికి వెళ్లింది. నాలుగు నెలల్లో ఆ మెట్లెక్కడం అదే మొదలు. రాజలింగం బనియన్‌తో కూర్చుని టీవీ చూస్తున్నాడు. అక్కను చూసి లేచి టీవీ ఆపాడు.

"బావ పంపిండా?"

"బావకు తెల్వది."

"కేసు ఏస్తుండని విన్న. ఎయ్యనీ. నేను గూడ వకీలును పెట్టిన. కోర్టుల బావను నిలబెట్టి అడిగిపిస్త."

"బావను ఎట్ల నిలబెడ్తవు? దావాల బావ పేరు లేదు." మాలతి కుర్చీ అంచున కూర్చుంది. "నా పేరున్నది. ముందుగాల నేను నిలబడాలె. నూలు పైసలు ఏం జేసినవని నీ వకీలు నన్ను అడుగుతడు. నువ్వు పక్కన కూసుండి వింటవు. అడిగిపిస్తవా?"

రాజలింగం లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అమ్మ పోయినప్పుడు అతనికి పదకొండేళ్లు. తమ ఇంటికి తెచ్చుకుని, సాంచె పని నేర్పించి, పెళ్లి చేసింది అక్కాబావలే. దావా అంటే బావతో కొట్లాట అనే అనుకున్నాడు. అక్కను ఎదురుగా నిలబెట్టుకోవడమని ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

అక్క చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ అన్నాడు. "డీడ్ల రాసుకున్నట్టే పోదం. కానీ ఆర్తి తెచ్చిన మనిషి నాకొద్దు. ఆర్తికి ఎరుకున్నోళ్లు వద్దు."

"న్యాయమే," అంది మాలతి.

రెండు వైపుల వకీళ్లూ తలా మూడు పేర్లు రాసి ఇచ్చారు. రెండు జాబితాల్లోనూ ఉన్న పేరు ఒక్కటే, కల్యాణ్‌లో ఉండే పంకజ్ దేశ్‌పాండే. బట్టల పరీక్ష ల్యాబులో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఆ మధ్యలో లా చదివి, రిటైరయ్యాక ఇలాంటి తగాదాలు వింటున్న మనిషి. తమకు ఆయనతో ఏ సంబంధమూ లేదని ఇద్దరూ రాసిచ్చారు, ఆయనా రాసిచ్చాడు. సదానందానికి ఇష్టం లేదు. కానీ దావాలో పేరున్న మనిషి సంతకం పెట్టనన్నాక ఆయన చేయగలిగింది లేదు.

కాగితాలు ఇచ్చిపుచ్చుకున్నాక వాదనలు కల్యాణ్‌లో ఆయన ఆఫీసు గదిలో శనివారాలు జరిగాయి. రెండో శనివారం దేశ్‌పాండే వాపసు వచ్చిన బట్ట తెప్పించి, కిటికీ పక్కన బల్ల మీద పరిపించాడు. భూతద్దం పెట్టి చారలన్నీ చూశాడు. ఒక ముక్కను, కార్ఖానాలో మిగిలిన నూలు డబ్బాల నుంచి నమూనాలను ల్యాబుకు పంపాడు. బావామరదులు ఒకరినొకరు చూడకుండా ఆ బట్టనే చూస్తూ నిలబడ్డారు. ఇద్దరూ చేతులతో తడిమి పోగులు లెక్కపెట్టగల బట్ట అది.

నాలుగో శనివారానికి రిపోర్టు వచ్చింది. నూలు సస్తాది కాదు. రెండూ ఒకే ధర, ఒకే నంబరు నూలు. లాట్లు మాత్రం వేరు, వేర్వేరు విడతల్లో తీసినవి. లాటు మారితే రంగు పట్టడంలో తేడా వస్తుంది.

ఆ రోజే హనుమాండ్లు సాక్ష్యం చెప్పాడు. కార్ఖానా పెట్టిన రోజు నుంచి పనిచేసిన పెద్దాయన, సగం రోజు కూలి పోగొట్టుకుని శాంతి నగర్ నుంచి వచ్చాడు.

"వానకు గోదాం కప్పు కారింది సార్. డబ్బలు తడుస్తయని మేమే ఎత్తి ఇవతలికి ఏసినం. గప్పుడు రెండు లాట్లు కలిసినయ్. కప్పు సంగతి రాజలింగం సేఠ్‌కు రెండుమాట్ల చెప్పిన. చేపిద్దం అన్నడు. డబ్బలు కలిసిన సంగతి తెల్లారి సదానందం సేఠ్‌కు చెప్పిన. చూస్త అన్నడు." ఆయన ఆగి ఇద్దరి వైపూ చూశాడు. "ఇద్దరు మంచోళ్లే సార్. ఇద్దరు చూడలే."

రాజలింగం తల వంచుకున్నాడు. సదానందానికి ఆ పొద్దు గుర్తొచ్చింది. కరెంటు ఆఫీసుకు పోయే తొందరలో ఆ మాట విని కూడా వెళ్లిపోయాడు. దొంగతనం చేయలేదన్నది ఎంత నిజమో, చూడలేదన్నదీ అంతే నిజం. ఇన్ని నెలలూ మొదటిది అరుస్తూ, రెండోది తనకు తానే వినపడకుండా చేసుకున్నాడు.

దేశ్‌పాండే కళ్లజోడు తీశాడు. "నేను తీర్పు రాయగలను. మీలో మీరు ఒప్పుకుంటే, ఒప్పుకున్నదే తీర్పుగా రాస్తాను. దానికీ అంతే బలం ఉంటుంది," అని మరాఠీలో చెప్పి, మాలతి వైపు తిరిగి, అక్కా అన్నట్టు పిలిచాడు. "తాయీ, పార్టీ మీరు. ఇన్ని వారాలుగా మీరు వింటున్నారే గానీ మాట్లాడలేదు. మీకేం కావాలి?"

మాలతి తనకు వచ్చిన మరాఠీలో, నెమ్మదిగా చెప్పింది.

"కార్ఖానా పెట్టిన నాటి నుంచి నన్ను ఈ మాట అడిగింది మీరొక్కరే సార్. సాంచెలు పంచెయ్యండి. వీళ్లిద్దరూ ఇక కలిసి నడపలేరు, అది నాకు తెలుసు. కానీ మా ఆయన్ని దొంగ అన్నది సమాజం హాల్లో. కాదని మా తమ్ముడు అక్కడే చెప్పాలి, అంతమంది వినేలా. మా ఆయన కూడా లేచి, తను చూడలేదని చెప్పాలి. మా తమ్ముడికి నష్టమైంది కాబట్టే కోపమొచ్చింది. అదీ నలుగురికీ తెలియాలి."

"మామూలుగా ఇలాంటిది నా అంతట నేను ఆదేశించను," అన్నాడు దేశ్‌పాండే. "ఇద్దరూ ఒప్పుకుంటే మాత్రం రాస్తాను."

సదానందం భార్య వైపు చూశాడు. తలుపులు తెరిచి తీర్పు చెప్పాలని ఆయన కొట్లాడాడు. ఆమె ఆ తలుపులు తెరిపిస్తోంది, తమ్ముడి తల కూడా ఎత్తి నిలబెడుతోంది. తన కోసం ఏమీ అడగలేదు. ఆయన కళ్లు తుడుచుకోవడానికి జేబులో రుమాలు వెతుక్కున్నాడు, దొరకలేదు. ఆర్తి తన చున్నీ అంచు అందించింది.

"రాయండి సార్," అన్నాడు.

"రాయండి," అన్నాడు రాజలింగం.

ఆ నెల మీటింగులో హాలు నిండింది. రాజలింగం లేచి మైకు వద్దన్నాడు. "నేను ఈడనే మా బావను దొంగ అన్న. అది అబద్ధం. బావ ఒక్క పైస ముట్టలే. నా దిక్కు కూడ తప్పున్నది, కప్పు చేపియ్యలే," అని కూర్చున్నాడు. సదానందం లేచి, నూలు కలిసిందని తెలిసి కూడా తాను చూడలేదని, తమ్ముడు నష్టపోయాడని చెప్పాడు. బావమరిదిని తమ్ముడు అనడం హాల్లో అందరికీ వినపడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసలో ఎవరో ముసలాయన మాత్రం "మంచిది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న కార్ఖానా తెరిచారు. సాంచెల మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము ఉంది. చెరి పన్నెండు పంచుకోవాలి. గుమ్మం వైపువి కొత్తవి, గోదాం వైపువి పాతవి.

"నువ్వే ముందుగాల తీస్కో," అన్నాడు సదానందం.

"అక్క చెప్పనీ," అన్నాడు రాజలింగం.

మాలతి రెండు వరుసల మధ్య నడిచింది. దసరా పూజకు తప్ప ఆమె ఇంత లోపలికి ఎప్పుడూ రాలేదు. ఒక్కో సాంచె దగ్గరా ఆగి, దాని మీద ఎవరు పనిచేసేవాళ్లు, ఏది ఎక్కువ ఆగిపోతుంది అని అడిగింది. ఇద్దరూ పోటీ పడకుండా, ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తూ చెప్పారు. కొత్తవి ఆరు, పాతవి ఆరు కలిపి ఆమె రెండు వాటాలు చేసింది. అప్పుడు ఉన్నట్టుండి నూలు డబ్బా మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రాజలింగం ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. సదానందం వచ్చి పక్కన కింద కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు నిన్ను ఒక్క మాట అడగకపోతి మాలతీ. తప్పు చేసిన," అన్నాడు.

ఆమె ఏడుపు ఆగేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆమె ముఖం తుడుచుకుని, "ఇప్పుడు అడుగుతున్నవు గద," అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నీళ్లు, గుడ్డలు తీస్కరా పో. ముందుగాల ఈ దుమ్ము తుడుద్దాం."