నీళ్ళ పెళ్ళికొడుకు

"ఈ పొగ నీదేనా?"

తలెత్తి చూశాను. తోట గోడ మీద ఒకామె నిలబడి ఉంది. చాదర్ కొసలు నడుముకి బిగించి కట్టింది. చేతిలో తట్ట. వెనకాల ఎండ ఉండటంతో మొహం సరిగ్గా కనపడలేదు గానీ, కోపం మాత్రం బాగా కనపడింది.

"నాది కాదండీ, మోటారుది," అన్నాను.

"మోటారు ఎవరిది?"

"ఆఫీసుది."

"ఆఫీసు ఎక్కడుంది?"

"కెర్మాన్‌లో."

"అయితే కెర్మాన్‌ని పిలుచుకురా. వచ్చి ఇవి తినిపొమ్మను!"

తట్ట బోర్లించింది. మిద్దె మీద ఎండబెట్టిన ఖుబానీ పళ్ళ ముక్కలు నా నెత్తిన వడగళ్ళలా రాలాయి. బంగారంలా ఉండాల్సినవి డీజిల్ మసి పట్టి బొగ్గుల్లా ఉన్నాయి.

"కడిగితే పోతుందేమో," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

"ఎండినవాటిని కడుగుతారా! ఏం చదివావు నువ్వు?"

"ఇంజనీరింగు."

"అదీ సంగతి," అని అవతలికి దిగిపోయింది.

నా పేరు ఇరజ్. అప్పుడు ఇరవయ్యారేళ్ళు. హసనాబాద్‌లో ఖజర్ రాజుల కాలం నాటి రాజకుమారుడొకడు వేయించిన తోట ఉంది. ఊరంతా షాజ్దే తోట అంటారు. గోడ బయట కనుచూపు మేర ఇసుక, గోడ లోపల సర్వీ చెట్లు, దానిమ్మలు, మెట్లుమెట్లుగా దిగే ఎనిమిది కొలనులు. ఆ కొలనుల్లో ఫౌంటెన్లు నలభై ఏళ్ళుగా మూగబోయాయి. ఆ ఏడు శరత్కాలంలో టెహ్రాన్ నుంచి పెద్దలు వస్తారనీ, వాళ్ళ ముందు నీళ్ళు ఎగిరి తీరాలనీ ఆఫీసు వాళ్ళు పై గుమ్మం దగ్గర లోతైన బావి తవ్వించి, మోటారు బిగించి, దాన్ని చూసుకోమని నన్ను పంపారు. నౌరూజ్ పండుగ నాడు స్విచ్చి వేశాను. నీళ్ళు మనిషెత్తు లేచాయి. నా ఛాతీ కూడా.

ఖుబానీల వాన కురిసిన మర్నాడు రేకు గొట్టం ఒకటి చేయించి, మోటారు పొగ అటు ఇసుక వైపు పోయేలా తిప్పాను. ఆమె గోడ మీద నుంచి చూసింది.

"పర్లేదే. ఇంజనీరింగులో ఏదో చెప్పే ఉంటారు," అంది.

ఆ తర్వాత ఆ గొట్టం రోజూ ఏదో ఒక చోట వదులయ్యేది. నేనే వదులు చేసేవాణ్ణి. బిగించాలంటే గోడెక్కాలి, గోడెక్కితే పక్కనే వాళ్ళ మిద్దె. వాళ్ళ నాయనమ్మ బీబీ జీవర్ టీ గ్లాసు అందించేది.

"ఈ గొట్టానికి ఏదో జబ్బుంది, నాయనా," అనేది బీబీ. నోట్లో మూడు పళ్ళే. కళ్ళు మాత్రం డేగవి. "రోజూ మధ్యాహ్నమే వస్తుందేం ఆ జబ్బు?"

"ఎండకి ఇనుము సాగుతుంది బీబీ," అనేవాణ్ణి.

"ఔనౌను, ఇనుమే సాగుతోంది," అనేది మనవరాలు, మొహం పక్కకి తిప్పుకుని.

ఆమె పేరు మర్జాన్. ఇరవై మూడేళ్ళు. మొగుడు కనాత్‌లో, అంటే నేల కింది నీటి సొరంగంలో, పూడిక తీసేవాడట. రెండేళ్ళ కింద సొరంగంలో మట్టి పెళ్ళ విరిగి మీద పడింది. ఈ సంగతి ఆమె ఖుబానీ గింజలు తీస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "ఎనిమిది నెలల కాపురం," అని మాత్రం అంది. నేను ఒక ఖుబానీ తిన్నాను. అది పుల్లగా ఉంది. అయినా ఇంకోటి తిన్నాను.

కనాత్ అంటే ఆ ఊరి ప్రాణం. కొండ పాదం నుంచి దాని నీరు నేల లోపలి సొరంగంలో మైళ్ళ దూరం నడిచివచ్చి తోట పై కొలను దగ్గర వెలుగు చూస్తుంది. అక్కడ తోటకీ, ఊరికీ పంచుకుంటారు. పంచేవాడు నీళ్ళ పెద్ద మష్ యదుల్లా. ఆయన దగ్గర గాట్లు పెట్టిన దానిమ్మ కర్ర ఒకటుంది. రోజూ పొద్దున్నే కాలవలో దాన్ని నిలబెట్టి నీటిమట్టం చూస్తాడు. ఆ వేసవిలో కర్ర తడి రోజురోజుకీ కిందికి దిగుతోంది. ఆయన మొహం కూడా.

ఒక శనివారం గొట్టం బిగించడానికి గోడెక్కాను. నిజానికి ఆ రోజు మనసులో మాట చెప్పేద్దామనే ఎక్కాను. కొత్త చొక్కా వేసుకున్నాను. జుట్టుకి నూనె రాశాను.

"మర్జాన్ ఖానుం, మీతో ఒక మాట."

"నాకూ మీతో ఒక మాట ఉంది, ఇంజనీరు గారూ. ఇక గొట్టం బాగుచేయడానికి రాకండి. వచ్చే గురువారం నాకు పెళ్ళి."

గోడ ఊగినట్టయింది. ఊగింది నేనే.

"ఎవరితో?"

"మీకు తెలిసినవాడే. రోజూ చూస్తూనే ఉన్నారు."

"ఏం చేస్తుంటాడు?"

"పారుతుంటాడు. మాట్లాడడు, కొట్టడు, టీ పెట్టమనడు. ఇంకేం కావాలి?" నవ్వబోయింది గానీ, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. బుట్ట తీసుకుని మెట్లు దిగిపోయింది.

గోడ దిగి నేరుగా మష్ యదుల్లా దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాలవ గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"మష్ యదుల్లా, మర్జాన్‌కి పెళ్ళంట కదా! పెళ్ళికొడుకు ఎవరు?"

ఆయన కర్రతో నీళ్ళు చూపించాడు. "మన కనాతే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మీ టౌన్లో లేదేమో గానీ ఇక్కడ ఉంది, బాబూ. ఈ కనాత్ మగాడు. పెళ్ళాం లేకపోతే అలుగుతాడు. వాడి పెళ్ళాం కొబ్రా నిరుడు పోయింది. నెలకోసారి వచ్చి వాడి నీళ్ళలో స్నానం చేసేది. ఆవిడ పోయిందగ్గర్నుంచీ చూడు వీడి వాలకం. ఊరందరం కూర్చుని మాట్లాడుకున్నాం. వయసులో ఉన్న విధవ మర్జాన్ ఒక్కతే. ఏటా కోతలకి ఊరు గోధుమలిస్తుంది. మరో మగాడి ఊసు మాత్రం ఉండకూడదు. అంతే."

"ఆమె ఒప్పుకుందా?"

"దాహంతో చెట్లు ఎండిపోతుంటే ఎవరు ఒప్పుకోరు?"

ఆ మధ్యాహ్నం ఊరంతా నిద్రపోతుంటే పంప్ గదిలో కూర్చున్నాను. నా బుర్ర తిరిగే ఫ్యాన్‌లా ఉంది. తన మొగుణ్ణి మింగినవాడికే మర్జాన్ పెళ్ళామవుతుందా? నా ప్రత్యర్థికి చేతుల్లేవు, కాళ్ళు లేవు, మొహం లేదు. వాడితో ఎలా పోట్లాడాలి?

ఏమీ తోచక మష్ యదుల్లా చెప్పిన లెక్కలు గుర్తు చేసుకున్నాను. కర్ర మీద తడి శనివారం పొద్దున ఒక గాటు పైకి ఉంటుందట. ఎందుకో ఆయనకి తెలీదు. నాకు తెలుసు. శుక్రవారం సెలవు. మోటారు ఆగుతుంది.

కనాత్ అలగలేదు. దాని నీళ్ళు తాగుతున్నది నా మోటారు. నా ఫౌంటెన్లు ఎగరడానికి ఊరి కాలవ ఎండుతోంది. కాలవ నిండడానికి మర్జాన్‌ని ఇస్తున్నారు. అంటే ఈ పెళ్ళికి మధ్యవర్తిని నేనే!

నిజం చెప్తే ఊరు తంతుంది, ఆఫీసు ఉద్యోగం పీకుతుంది. చెప్పకపోతే మర్జాన్ పోతుంది. నేను ధైర్యవంతుణ్ణి కాను. ఆదివారం పొద్దున మోటారు డీజిల్ పైపు విప్పి జేబులో వేసుకుని, మోటారు పాడైందని అందరికీ చెప్పాను. నాలుగు రోజుల్లో నీళ్ళు వాటంతటవే పెరుగుతాయి, పెళ్ళి అవసరమే ఉండదు, నా పేరు బయటికి రాదు. అదీ నా తెలివి.

బుధవారం పొద్దున అరుపులు వినపడి లేచాను. మష్ యదుల్లా కర్ర గాల్లో ఊపుతూ వీధిలో పరిగెత్తుతున్నాడు.

"రెండు గాట్లు! రెండు గాట్లు పెరిగాడర్రా! పెళ్ళి కబురు విన్నాడు! పెళ్ళికొడుకు ఒప్పుకున్నాడు!"

ఆడవాళ్ళు మిద్దెలెక్కి సంబరంగా ఉలూలు కూతలు పెట్టారు. ఎవరో నా చేతిలో మిఠాయి పెట్టారు. నేను దాన్ని నోట్లో పెట్టుకుని, నమలడం మర్చిపోయి నిలబడ్డాను.

గురువారం సాయంత్రం పై కొలను దగ్గర తెల్లటి గుడ్డ పరిచారు. అద్దం, దీపాలు, చక్కెర దిమ్మెలు. ఊరి ముల్లా గారు ఇలాంటి పెళ్ళి తను చదవననీ, అలాగని ఆపననీ చెప్పి, పని కల్పించుకుని పక్క ఊరెళ్ళిపోయాడు. అంచేత అడిగేదీ మష్ యదుల్లాయే, పెళ్ళికొడుకు తరపున కూర్చున్నదీ మష్ యదుల్లాయే.

మర్జాన్ తెల్ల చాదర్‌లో ఉంది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో మాత్రం నాకు తెలిసింది.

"మర్జాన్ బీబీ, షాజ్దే కనాత్‌ని భర్తగా ఒప్పుకుంటున్నావా?"

ఆచారం ప్రకారం ఆడవాళ్ళు అందుకున్నారు. "పెళ్ళికూతురు పూలు కోయడానికి వెళ్ళింది!"

"రెండోసారి అడుగుతున్నాను. ఒప్పుకుంటున్నావా?"

"పెళ్ళికూతురు పన్నీరు తేవడానికి వెళ్ళింది!"

మూడోసారి ఆమె తనే చెప్పాలి. మష్ యదుల్లా గొంతు సవరించుకున్నాడు. నా కాళ్ళు నన్నడక్కుండానే ముందుకు నడిచాయి. జేబులోంచి డీజిల్ పైపు తీసి, తెల్ల గుడ్డ మీద, చక్కెర దిమ్మెల పక్కన పెట్టాను.

"మోటారు పాడవలేదు. నేనే ఆపాను," అన్నాను. "మీ నీళ్ళు తాగింది నా మోటారే. ఆపాను కాబట్టి పెరిగాయి. ఈయనకి పెళ్ళాం అక్కర్లేదు. నన్ను తన్నాలంటే తన్నండి."

ఎవరూ తన్నలేదు. అందరూ పైపు వైపు చూశారు. తర్వాత నీళ్ళ వైపు. తర్వాత మళ్ళీ పైపు వైపు.

"మోటారు ఎప్పుడు ఆపావు?" అన్నాడు మష్ యదుల్లా.

"ఆదివారం."

"పెళ్ళి మాట అనుకున్నది శుక్రవారం. ఈ రెంట్లో దేనికి పెరిగాడంటావ్?"

"మోటారుకే!"

"నువ్వు చూశావా?"

"మీరు చూశారా?"

ఆయన తల గోక్కున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నేనూ గోక్కున్నాను.

మర్జాన్ అప్పుడు తలెత్తింది. కళ్ళు నిండి ఉన్నాయి, పెదవులు మాత్రం బిగించి ఉన్నాయి. "ఇది ముందే తెలిస్తే నాలుగు రోజులు నన్నెందుకు ఏడిపించావ్?"

మొదటి రోజు తర్వాత మళ్ళీ అప్పుడే నన్ను 'నువ్వు' అంది.

"భయం," అన్నాను.

"ఇప్పుడు లేదా?"

"ఇప్పుడే ఎక్కువ."

"పైపూ వద్దు, గీపూ వద్దు," అన్నాడు మష్ యదుల్లా చిరాకుగా. "మాట ఇచ్చాం. మాట తప్పితే వాడు మళ్ళీ అలిగితే ఊరికి ఎవడు సమాధానం చెప్తాడు? మూడోసారి అడుగుతున్నాను. షాజ్దే కనాత్‌ని భర్తగా ఒప్పుకుంటున్నావా?"

"ఔను!"

పెళ్ళికూతురి వైపు తిరిగాను. కానీ మర్జాన్ నోరు కదల్లేదు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూస్తోంది.

బీబీ జీవర్ పావడా మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని కాలవలో నిలబడి ఉంది.

"ఎవరు 'ఔను' అన్నది?" అన్నాడు మష్ యదుల్లా.

"నేనే. చెవుడా? నేనూ విధవనే. నలభై ఏళ్ళుగా నన్నెవడూ అడగలేదు. ఈ నాలుగు రోజులూ తెల్లవారకముందే వచ్చి ఈ నీళ్ళలో మునుగుతున్నాను. మునిగినప్పటి నుంచే పెరిగాడు. నన్ను చూసి పెరిగినవాడికి నా మనవరాల్ని అంటగడతారేం?"

"బీబీ, నీకు డెబ్భై దాటాయి..."

"వాడికి మూడొందలు దాటాయి! నేనే వాడికి చిన్నపిల్లని." నీళ్ళని కాలితో ఒక్క తాపు తన్నింది. "దీని మొగుణ్ణి మింగాడు వీడు. కాపురం చేసి వీడి సంగతి నేను చూస్తాను. గోధుమలు మాత్రం మా మిద్దె మీదికి తెచ్చి పొయ్యాలి. నాకు మోకాళ్ళ నొప్పులు."

ముందు ఎవరు నవ్వారో తెలీదు. ఊరంతా నవ్వింది. మష్ యదుల్లా మాత్రం చాలాసేపు కర్ర వైపు, బీబీ వైపు మార్చి మార్చి చూసి, చివరికి పెళ్ళి ఆచారం ప్రకారం రెండు చక్కెర దిమ్మెలు తీసుకుని ఆవిడ నెత్తి పైన ఒకదానికొకటి రుద్దాడు.

మోటారు అవసరం లేదని ఆఫీసుకి రిపోర్టు రాశాను. రాజకుమారుడి మేస్త్రీలు అప్పట్లోనే పై కొలను నుంచి కింది కొలనుల దాకా మట్టి గొట్టాలు వేశారు. అవి సున్నం పట్టి మూసుకుపోయాయి, అంతే. ఊరి కుర్రాళ్ళతో కలిసి వాటిని తవ్వి, గీకి, అతికాను. తోట పల్లంగా దిగుతుంది కదా, కనాత్ నీళ్ళే ఫౌంటెన్లలోంచి మోకాలెత్తు లేచాయి. మనిషెత్తు కాదు. చాలు. ఆఫీసు తిట్టి, మోటారుని ఇంకో చోటికి తీసుకెళ్ళింది. నన్ను మర్చిపోయింది. టెహ్రాన్ పెద్దలు రానే లేదు.

నీళ్ళు మోటారు ఆపినందుకు పెరిగాయా, బీబీ మునిగినందుకు పెరిగాయా? ఈ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. నేను ఇంజనీర్ని. అయినా ఆవిడకి జలుబు చేసిన నెలలో మాత్రం కర్ర వైపు చూడాలంటే భయమేస్తుంది.

దానిమ్మలు ఎర్రబడే రోజుల్లో ఒక సాయంత్రం మర్జాన్ నాలుగో కొలను గట్టు మీద కూర్చుని కాయలు వలుస్తోంది. ఫౌంటెన్ తుంపర ఆమె ముంగురుల మీద పడి నిలుస్తోంది.

"మర్జాన్, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె తలెత్తలేదు. "పెళ్ళికూతురు పూలు కోయడానికి వెళ్ళింది."

"మర్జాన్! నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"పన్నీరు తేవడానికి వెళ్ళింది," అంది, పెదవి కొరుక్కుంటూ.

మూడోసారి అడగబోయి ఆగాను. చుట్టూ చూశాను. సర్వీ చెట్ల వెనకా, గోడ మీదా చూశాను.

"ఏం వెతుకుతున్నావ్?"

"మీ బీబీ ఎక్కడైనా ఉందేమోనని. మూడోసారి అడిగితే ఆవిడ 'ఔను' అనేస్తుందేమో."

పై కొలనులోంచి నీళ్ళ చప్పుడయింది.

"అడగవోయ్, భయపడకు!" అని బీబీ అరిచింది. "నాకు మొగుడున్నాడు!"

మర్జాన్ ఒళ్ళో గింజలన్నీ నీళ్ళ పాలు చేస్తూ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే, నేను అడగకముందే, "ఔను" అంది.