ఇరవై ఐదో రాయి దాకా

పుంగనూరు బస్టాండు పక్క సందులో, మేడ మీద ఒక గది. రెండు చాపలు, ఒక కుక్కరు, నాలుగు జతల అరిగిన బూట్లు. రెండు జతలు నావి, రెండు నాతోపాటు గదిలో ఉండిన వరుణ్‌వి. వాడు బెంగళూరు వెళ్ళిపోయి మూడు నెలలైనా వాడి బూట్లు గడప దగ్గరే ఉన్నాయి. నేను తీయలేదు. బూట్లు కనిపిస్తే గదిలో ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటుంది కదా.

నా పేరు శాలేము రాజు. మాది మదనపల్లె. మా అమ్మ అన్నమ్మ ఆస్పత్రిలో ఆయా. పద్దెనిమిదేళ్ళుగా నైట్ డ్యూటీ. "ఆర్డరు కాగితం నా చేతిలో పెట్టు నాయనా, ఆ పొద్దే ఈ రాత్రి డ్యూటీ ఇడిసిపెడతా" అంటుంది. ఆ కాగితం అటవీశాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానిది. రాత పరీక్ష గట్టెక్కేశాను. మిగిలింది నడక. నాలుగు గంటల్లో ఇరవై ఐదు కిలోమీటర్లు. పోయినసారి ఆరు నిమిషాలు ఎక్కువ పట్టింది. ఆరంటే ఆరే. ఒక టీ తాగేంతసేపు. మళ్ళీ ఖాళీలు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు, అమ్మ మోకాళ్ళు అంతకాలం ఆగవు.

ఊరు దాటాక కొత్త కాలువ ఉంది. దాని గట్టు మీద వరుణూ నేనూ స్కూటర్ మీటరు చూసి కొలిచి, కిలోమీటరుకొక రాయి పాతి, సున్నంతో నంబర్లు వేశాం. ఒకటి నుంచి ఇరవై ఐదు. చివరి రాయి రోడ్డు వంతెన కింద. పైన గంగప్ప టీ కొట్టు. ఇరవై ఐదు వేసేసరికి సున్నం అయిపోయింది.

మాకు నడక నేర్పే ఉమాపతి సార్‌కి ఒక నియమం ఉంది. "ఎనక్కి తిరిగి సూస్తే మూడు సెకన్లు పాయె. తిరగొద్దండప్పా. ముందరోడు రాయి నంబరు అరవాల. ఎనకోడు అదే నంబరు బదులు సెప్పాల. కడా రాయి కాడ బదులు పలికినాకే నడక ముగిసినట్టు."

ఆ బదులుకి అర్థం ఇంతే. నేనుండాను, నువ్వు పో.

ఇక నా సంగతి. నాకు ఊరికే ఉండటం చేతకాదు. "పరీక్షకి మీసం ఉంటే ఒప్పుకోరంట" అని చెప్పి వరుణ్ చేత మీసం తీయించాను. వాడి నీళ్ళ సీసాలో చింతపండు పులుసు పోశాను. వాడు ఒక పూట తిట్టి, రెండో పూట నాతో కలిసి నవ్వేవాడు.

మూడు నెలల కిందట ఒక తెల్లవారుజామున, వాడు ముందు, నేను వెనక. పద్నాలుగో రాయి దగ్గర వాడు "పద్నాలుగు!" అని అరిచాడు. నేను పలకలేదు. తూము గోడ చాటున పడుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "రేయ్, పద్నాలుగు!" అని మళ్ళీ అరిచాడు. తర్వాత అడుగులు సాగిపోయాయి. నవ్వుకుంటూ అక్కడే నిద్రపోయాను.

ఆ సాయంత్రం వాడు నా మొహం చూడకుండా బ్యాగు సర్దుకున్నాడు. "బెంగళూర్లో పని దొరికింది" అన్నాడు. అంతే. సారీ మచ్చా అని మూడు మెసేజులు పెట్టాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

అప్పటినుంచి ఒక్కడినే నడుస్తున్నాను. అలవాటు చావదు కదా, నంబరు మాత్రం అరుస్తాను. మూడు! కాలువలో నీళ్ళు. నాలుగు! ఎవరిదో మోటారు గది. పలికేవాళ్ళు లేరు.

పరీక్షకి నాలుగు వారాలుందనగా, ఆ పొద్దు మూడు గంటలకు బయల్దేరాను. మంచు విపరీతంగా దిగింది. టార్చి వేస్తే వెలుగు మూరెడు దూరంలో ఆగిపోతోంది. చేలల్లో రాలిన టమాటాలు పులిసిన వాసన. ఎక్కడో ఒక మోటారు తిరిగి తిరిగి ఆగింది. తర్వాత నా బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

పద్నాలుగో రాయి చేరేసరికి అరనిమిషం వెనకబడి ఉన్నాను.

"పద్నాలుగు!" అన్నాను.

"పద్నాలుగు."

వెనకనుంచి. నాలుగైదు అడుగుల దూరంలో. వరుణ్ గొంతు.

వెంటనే నవ్వొచ్చింది. దొంగవెధవ! సరిగ్గా అదే తూము దగ్గర కాచుకుని కూర్చున్నాడన్నమాట.

"వచ్చినావా మచ్చా! ఎన్ని దినాలు మొరాయించినావురా!"

జవాబు లేదు. అడుగులు మాత్రం నా అడుగుల మీదే పడుతున్నాయి. కోపం ఇంకా తగ్గలేదనుకున్నాను. వెనక్కి తిరగలేదు. మూడు సెకన్లు నాకు కావాలి.

ఆ కిలోమీటరంతా నేనే మాట్లాడాను. గదిలో ఒక్కడికే వండుకుంటే కుక్కరులో సగం మిగిలిపోతోందని చెప్పాను. వాడి బూట్లు తీయలేదని చెప్పాను. మూడు నెలల మాటలు ఒక్కసారి బయటికొచ్చాయి. కాళ్ళకి ఎక్కడలేని ఊపు వచ్చింది.

"పదహైదు!"

"పదహైదు."

పదహారో రాయి కనబడగానే నాకు కొంటె ఆలోచన తట్టింది. ఫోను తీసి, నడుస్తూనే వాడికే వాయిస్ మెసేజ్ పెట్టాను. "రేయ్ వరుణా, ఎనకాల్నే నడస్తా ఇంత బింకమేందిరా? నోరు తెరిసి మాట్లాడు. పదహారు!"

"పదహారు" అని వెనక పలికింది. బటన్ వదిలాను. మెసేజ్ వెళ్ళింది.

వెనక ఫోను మోగుతుందని చూశాను. మోగలేదు.

పదిహేడు. పద్దెనిమిది. మంచు నల్లరంగు పోయి బూడిదరంగుకి వచ్చింది. అప్పుడు గమనించాను, వాసన మారింది. టమాటా వాసన కాదు. సున్నం. తడి సున్నం. మేం నంబర్లు వేసి ఏడాది కావస్తోంది...

ఇరవయ్యో రాయి దాటగానే నా ఫోను మోగింది. వరుణ్.

"ఏందిరా, ఎనకాల నడస్తా ఫోన్ చేస్తాండావు?"

అవతల బస్సు హారన్. కన్నడంలో ఎవరో అరుస్తున్నారు.

"రాజా... నేను కంపెనీ బస్సులో ఉండా. హోసూరు రోడ్డులో." వాడు గుసగుసగా మాట్లాడుతున్నాడు. "ఇప్పుడే నీ మెసేజ్ ఇన్నా. కడాన పలికిందే... అది నా గొంతు."

నా వెనక అడుగులు ఆగలేదు.

"ఆ పొద్దు పద్నాలుగు కాడ నువ్వు నిజంగానే నిల్చిపోయినావా?"

"ఆ... తూము కాడ పండుకున్నా. ఎకసెక్కానికి."

"రెండోసారి అరిసినాక నాకు బదులొచ్చింది రా. నీ గొంతే. పదహైదు, పదహారు... కడా దాకా పలికినావు. ఇరవై ఐదు కాడ తిరిగి సూస్తే ఎవురూ లేరు. ఈసారి అది ముందర్నుంచి అరిసింది. వంతెన అవతల్నుంచి."

"నువ్వేం చేసినావు?"

"బదులు సెప్పినా. సెప్పినాక పోయింది. నీకు సెప్తే నవ్వుతావని సెప్పలే. రాజా, ఇను. తిరగొద్దు. అది పిలిస్తే బదులు సెప్పు. నీ ఆటలు ఈడ వద్దు మచ్చా..."

ఫోను చెవికి అదుముకున్నాను. "నువ్వు పెట్టేయొద్దు. లైన్‌లో ఉండు."

"ఉండా" అన్నాడు.

"ఉండా" అని వెనక పలికింది.

ఫోను చేతిలోంచి జారి గట్టు మీద పడింది. తీయడానికి వంగలేదు. వంగితే వెనక ఉన్న కాళ్ళు కనబడతాయి.

నడిచాను. అది నడకో పరుగో తెలియదు. ఇరవై ఒకటి... నేను అరవలేదు. అయినా వెనక పలికింది. ఇరవై రెండు. ఇంకా దగ్గరగా. ఇరవై మూడు. మెడ మీద చల్లగా సున్నం వాసన. ఇరవై నాలుగు...

నా పక్కనే. చెవి దగ్గరే.

తర్వాత ఏమీ లేదు. అడుగులు లేవు, వాసన లేదు. తెల్లటి మంచు, అందులో వంతెన నీడ, పైన గంగప్ప కొట్టు బల్బు.

ఇరవై ఐదో రాయిని చేత్తో తాకాను. చేతి గడియారం చూశాను. మూడు గంటల యాభై ఒక్క నిమిషాలు. మొదటిసారి నాలుగు లోపు.

"ఇరవై ఐదు!"

ముందునుంచి. వంతెన అవతల, మంచులోంచి. వరుణ్ గొంతే.

ఆగింది. నా కోసం ఎదురుచూస్తోంది.

నోరు తెరిచాను. పుట్టినప్పటినుంచి ఆగకుండా వాగిన నోరు అది. ఒక్క మాట రాలేదు.

"రేయ్, ఇరవై ఐదు..." అంది ఆ గొంతు. ఈసారి గట్టిగా లేదు. చీకట్లో దారి తప్పిన మనిషి అడిగినట్టు ఉంది. ఆనాడు తూము చాటున నాకు వినిపించిన పిలుపు లాగే ఉంది.

నేను పలకలేదు. గట్టు పైకి పాకి, రోడ్డు మీద ఆగి ఉన్న బస్సు ఎక్కేశాను. గంగప్ప "టీ తాక్కుండా పోతాండావేందప్పా!" అని అరుస్తున్నాడు. ఆయనకి కూడా బదులు చెప్పలేదు.

కాలువ వైపు మళ్ళీ వెళ్ళలేదు. పరీక్ష రోడ్డు మీద పెట్టారు. వందలమంది మధ్య నడిచాను. మూడు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. అమ్మ ఆర్డరు కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ వారమే రాత్రి డ్యూటీ మానేసింది. నేను కొత్త ఫోను కొన్నాక వరుణ్ కాల్ చేసి మొదట అడిగింది ఒకటే. "బదులు సెప్పినావు కదా?" చెప్పాననే అన్నాను.

రామకుప్పం వైపు అడవిలో పోస్టింగ్ ఇచ్చారు. రాగి చేలలోకి ఏనుగులు దిగే చోటు. మొదటిరోజు పాత గార్డు పెద్దన్న బాట మొదలు దాకా వచ్చాడు.

"ఈడ్నుంచి నీ బీటు. దినామూ ఒక్కడివే తిరగాల. మాట్లాడేదానికి మనిషి దొరకడు సూడప్పా."

"రాళ్ళతోనన్నా మాట్లాడతాలే అన్నా" అన్నాను. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నపు ఎండ. మంచు లేదు, చీకటి లేదు. ఒక కిలోమీటరు నడిచి ఉంటాను. బాట పక్కన ఒక రాయి ఉంది. దాని మీద తెల్లగా రెండు, పక్కన ఆరు. వేలు పెట్టి చూశాను. తడిగా అంటుకుంది.

అమ్మకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. ఈ వేళకి మదనపల్లెలో, ఇంట్లో, కాస్త నడుం వాల్చి ఉంటుంది.

అప్పుడు వినిపించింది. ముందునుంచి, చెట్ల అవతలనుంచి, మెల్లగా, అమ్మ గొంతుతో...

"ఇరవై ఆరు, నాయనా."