చుక్కాలు దొరికిన బెల్లం పెనం

గవరయ్య నోరు అదుపులో ఉండి ఉంటే పైడన్నకు అంత తలవంపు వచ్చేది కాదు. గవరయ్య చెరుకువాడ రాజ్యంలో దండోరా వేసేవాడు. డప్పు కంటే అతని నాలుకే ఎక్కువ మోగేది. సంగతిని చెడగొట్టిందీ అతనే, చివరికి పెద్దమనిషి అనిపించుకున్నదీ అతనే.

పైడన్న బెల్లం వండేవాడు. పదహారేళ్ల కిందట ఒక ఉదయం అతని గానుగ పాకలో, చల్లారిన పెనంలో ఒక పసిపాప కనిపించిందని ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. తండ్రెవరో చెప్పలేని పసిగుడ్డును పొలిమేర రాయి అవతల వదిలేయాలి. పైడన్నకు చేతులు రాలేదు. "పైనించి పడింది" అన్నాడు. అతనన్నది ఆ ఒక్క మాటే. మిగిలినదంతా గవరయ్య అల్లాడు. పెనం అడుగున పట్టిన మసిని చూపించి, "ఆకాశంలోంచి దూసుకొచ్చేటప్పుడు కాలిన గుర్తు ఇది" అని ఊరూరా చాటాడు.

పాపకు చుక్కాలు అని పేరు పెట్టారు. ఆమె ఎవరి బిడ్డ అన్నదాని మీద రాజ్యం రెండు ముక్కలైంది. ఎడమకాలికి ఆరు వేళ్లున్నాయి గనుక కృత్తికల్లో ఆరో అక్క కూతురని చాకిరేవు వాళ్లు అన్నారు. కాదు, పగవాళ్లకు భయపడి చంద్రుడు దాచిన బిడ్డ, పెరుగు తండ్రి రంగులో ఉంటుందనే దాన్ని ముట్టదు అని మగ్గాల వీధివాళ్లు వాదించారు. గవరయ్య ప్రతి సంతకూ ఒక కొత్త రుజువు తెచ్చేవాడు. చుక్కబిడ్డ పోషణకని రాజుగారు పైడన్నకు ఒక చేను రాసిచ్చారు. పైడన్న తల వంచుకునే పట్టా అందుకున్నాడు. కానీ అందుకున్నాడు.

అలా ఉండగా పాతరభూతం అనే రాకాసి ఆకాశంలో ఉన్న ఇరవై ఏడు నక్షత్రాలనూ కోసుకుపోయి, గింజలు దాచినట్టు నేలమాళిగలో దాచేసింది. చుక్కలు లేకపోతే కార్తెలు తెలియవు. రోహిణిలో చల్లాల్సిన విత్తు ఎప్పుడు చల్లాలో, మృగశిర ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియక పొలాలు ఎండాయి. చుక్కలు తెచ్చినవారికే రాజ్యం అన్నారు బిడ్డలు లేని రాజుగారు.

"ఇంకెవులు తెస్తారు? చుక్కలు ఆ గుంటకి మేనమామలు" అన్నాడు గవరయ్య.

చుక్కాలు మొలకు నీళ్ల బుర్ర కట్టుకుని బయలుదేరింది. పైడన్న సద్దిమూట పట్టుకుని వెనకే నడిచాడు.

మొదటి అడవిలో ఎద్దంత ఏదుపంది దారికి అడ్డం పడుకుంది. "రక్తం చుక్క కారకుండా నా ముల్లు ఒకటి పీకు" అంది. చుక్కాలు అరచేతికి చెరుకాకు మందంగా చుట్టుకుని లాగేసింది. ఏదుపంది దారి వదిలింది. తరువాత ఒక నది నురగతో తాటిచెట్టెత్తు పొంగుతోంది. ఒడ్డున కూర్చున్న ముని, "ఇది దిగేదాకా దారి లేదమ్మా" అన్నాడు. చుక్కాలు జడ పిండి, రెండు బొట్లు ఆముదం విదిలించింది. పొంగు చప్పున అణిగింది.

"చూసినావా అయ్యా, నా ఒంట్లో చంద్రుడి చలవ ఉంది" అంది.

పెనం పొంగితే ఆముదం వేయడం ఆమెకు పైడన్నే నేర్పాడు. అయినా సద్దిమూట భుజం మార్చుకుని నడిచాడు.

పాతరభూతం నేలమాళిగ తలుపు ముందు కూర్చుని గోళ్లు గీరుకుంటోంది. "ఎవరి బిడ్డవో చెప్పు. నిజమైతే తలుపు నీది. అబద్ధమైతే రాయివి."

"చంద్రుడి బిడ్డని."

చుక్కాలు పాదాలు రాయి అయ్యాయి.

"కాదు, కృత్తిక కూతుర్ని."

మోకాళ్ల దాకా రాయి అయింది. ఆమె వెనక్కి తిరిగి, "అయ్యా, గవరయ్య బావు ఇంకేటో అన్నాడు కదా. అదేటో చెప్పు" అంది.

ఆ క్షణంలో కూడా పైడన్నకు చేను గుర్తొచ్చింది. ఆ సంగతి తరువాత ఎవరికీ చెప్పలేదు. రాయి నడుము దాకా వచ్చింది.

"మీ అమ్మ పేరు సన్నెమ్మ" అన్నాడు. "చెరుకు నరకడానికి కూలికొచ్చింది. పాకలో నిన్ను కని, నీ తండ్రెవరో చెప్పకుండానే జ్వరంతో పోయింది. రాత్రికి రాత్రే ఆమెను పూడ్చడానికి ఎల్తా, కుక్కలు వస్తాయని నాలుగు పక్కలా గోడలున్నది చూసి నిన్ను పెనంలో ఏసినాను. నువ్వు ఏ ఆకాశంనించీ పడలేదు."

"మరెందుకు అలగ చెప్పినావు?"

"పొలిమేర రాయికి భయపడి."

"అది మొదటి రోజుకి. పదహారేళ్లెందుకు?"

పైడన్న నేల చూశాడు. "చేను."

భూతం గోళ్లు గీరడం మానేసింది. చుక్కాలు మెల్లగా, "నేను సన్నెమ్మ కూతుర్ని" అంది. రాయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపలి వెలుగుకు భూతం ఆవిరైపోయింది. ఇరవై ఏడు చుక్కలూ చెరుకుతోట మీది పిట్టల్లా ఒక్కసారి లేచి ఆకాశం పట్టాయి.

తిరుగుదారిలో సద్దిమూట ఆమే మోసింది. అతనితో మాత్రం మాట్లాడలేదు. పొలిమేర దగ్గర ఆగి, "ఊళ్లో నువ్వే చెప్పాలి. నీ నోటితోనే చెప్పాలి" అంది.

నిండు సభలో పైడన్న చెప్పాడు. గవరయ్య వెంటనే, "నాను ముందే అనుకున్నాను, ఆ గుంటది కూలిచెయ్యేనని" అన్నాడు. జనం అతనికే తల ఊపారు.

మాట ప్రకారం రాజుగారు చుక్కాలుకు పట్టం కట్టారు. రాణిగా ఆమె మొదటి ఆజ్ఞకు పొలిమేర రాయి పెళ్లగించారు. రెండో ఆజ్ఞకు పైడన్న పట్టా చెరుకు నరికే కూలీల పేర సన్నెమ్మ చేనుగా మారింది. మూడోది ఆజ్ఞ కాదు. మొదటి పాకం రోజున ఆమె గానుగ పాకకు వచ్చి, పెనం పక్కన కూర్చుని, "అయ్యా, పొంగుతోంది, ఆముదం వెయ్యి" అంది. రాజ్యం చల్లగా ఉంది, కార్తెలు వేళకొచ్చాయి.

పైడన్న పోగొట్టుకున్న చేను గట్టుతో కలిపి మూడెకరాల పదిహేడు సెంట్లు.