నాలుగో అంతస్తు తలుపు

మూడో అంతస్తు...

వెనక బూట్ల చప్పుడు.

అతను లిఫ్ట్ మెకానిక్. కుడిచేతికి బేడీ వేలాడుతోంది. హత్య ఎలా చేశాడో చేసి చూపించమని పోలీసులు మళ్ళీ ఈ బిల్డింగుకే తెచ్చారు. ఎడమచేతి బేడీ విప్పారు.

అంతే... పరుగు!

నాలుగో అంతస్తు.

లిఫ్ట్ తలుపు. చూడకూడదనుకున్నాడు. చూశాడు.

పది నెలల క్రితం ఈ తలుపు తెరిచి ఉంది. లోపల లిఫ్ట్ లేదు. ఎదురు ఫ్లాటు టీచరమ్మ అడుగు ముందుకేసింది...

ముందురోజే ఆవిడ అతని మీద కంపెనీకి ఫిర్యాదు చేసింది. తలుపు తాళంచెవి అతని జేబులో దొరికింది. ఇంకేం కావాలి? కాదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు.

జైల్లో కళ్ళు మూసుకుంటే చాలు, టీచరమ్మ పక్కన కూర్చునేది. లిఫ్ట్ వచ్చిందా నాయనా అని మెల్లగా అడిగేది.

ఆఖరికి అతనికే అనుమానం పట్టుకుంది. తనే తాళం వేయడం మరిచాడేమో!

డాబా.

తలుపు మూసి గడియ పెట్టాడు. భార్య ఇక్కడే, వాళ్ళ నాన్న గదిలో ఉంటోంది. ఒక్కసారి కూడా జైలుకి రాలేదు. నువ్వైనా నమ్ముతావా అని అడగాలి. ఆ తర్వాత ఏమైనా కానీ.

మామగారు అడ్డం నిలబడ్డాడు. పని నేర్పిందీ ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. అమ్మాయి నీ మొహం చూడనంది, వెళ్ళిపొమ్మన్నాడు.

తలుపు మీద దెబ్బలు.

"ఒక్కమాట చెప్పండి మామయ్యా. నేనే మర్చిపోయానా?"



"నువ్వు కాదు అల్లుడూ. నా పాత తాళంచెవితో తలుపు తెరిచింది నేను. ఫోనొస్తే అటు తిరిగాను... చప్పుడు విన్నాకే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. రోజూ."

కోపం రాలేదు. ముందు గుండె తేలికైంది... తను కాదు! తర్వాతే ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఆ ముక్క వాళ్ళకి చెప్పమని బతిమాలాడు.

గడియ ఊడింది.

ఇన్‌స్పెక్టర్. చేతిలో పిస్టల్.

మామగారి కళ్ళు ఒక్కసారి అటు తిరిగాయి. మళ్ళీ ఇటు.

"చంపేస్తున్నాడు సార్!"

ఢాం!

భుజంలో నిప్పు. నేల పైకొచ్చి మొహానికి తగిలింది.

నీళ్ళ ట్యాంకు వెనకనుంచి ఎవరో వచ్చారు. అతని భార్య. చేతుల్లో పిండని దుప్పటి, నీళ్ళు కారుతూ... ఆమె తండ్రినే చూస్తోంది.

"మీరు కాల్చింది తప్పు మనిషిని సార్. మా నాన్న చెప్పిందంతా నేను విన్నాను."